ఒక్కో గుర్రానికి ఎంత పడింది: పాత సిటీ, కొత్త పోలో, నా జేబు

ముందు లెక్క చెబుతాను, కథ తరువాత. నా 2002 మోడల్ హోండా సిటీ 1.5 వీటెక్‌కు ఎయిర్ ఫిల్టర్ రూ.6,500, హెడర్‌తో (ఇంజన్ నుంచి పొగను తెచ్చే గొట్టాలు) కలిపి సైలెన్సర్ రూ.38,000, ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) పని రూ.32,000. మొత్తం రూ.76,500. చక్రాల దగ్గర కొలిస్తే పెరిగింది 8 హార్స్‌పవర్. అంటే ఒక్కో గుర్రానికి దాదాపు రూ.9,500. ఇక 2021లో కొన్న, టర్బో ఉన్న ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐకి ఒక్క రీమ్యాప్ (ఆ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం) చేయించాను, రూ.42,000. పెరిగింది 23 హార్స్‌పవర్. గుర్రం రూ.1,800 చిల్లరకు వచ్చింది.

ఇది చూసి టర్బోయే మేలని లేచిపోయేవాళ్లు కాస్త ఆగండి. ఆ రూ.42,000 అక్కడితో ఆగలేదు.

సిటీని 2013లో విజయవాడలోనే పాతబండిగా కొన్నాను. అప్పటికి 94,000 కిలోమీటర్లు తిరిగింది, ఇప్పుడు మీటరు 2,10,000 దాటింది. పోలో కొత్తగా వచ్చి 71,000 తిరిగింది. ఒకటి టర్బో లేని ఇంజన్, బళ్ల పిచ్చి ఉన్నవాళ్ల మాటల్లో ఎన్ఏ. బయటి గాలి ఒత్తిడికి ఎంత గాలి లోపలికి వస్తే అంతే దాని ఆస్తి. రెండోది టర్బో, పొగగొట్టంలోంచి పోయే వేడి వాయువుతో చక్రాన్ని తిప్పి, ఆ చక్రం బలంతో గాలిని నొక్కి లోపలికి పంపుతుంది. రెంటినీ మార్పించాను, రెంటిలోనూ పొరపాట్లు చేశాను.

ఎన్ఏ ఇంజన్‌కు బలం పెంచడం ఎందుకంత ఖరీదో సిటీయే నేర్పింది. కంపెనీ ఇచ్చిన 106 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవర్ లాంటి కొలతే) ఆ రోజుల్లో 1,500 సీసీకి చాలా మంచి అంకె. అంటే ఇంజనీర్లు పిండగలిగినంతా పిండేశారు, మనకు మిగిలింది పిప్పి. గాలి తేలిగ్గా వచ్చేలా, పొగ తేలిగ్గా పోయేలా చేయడం, ఇగ్నిషన్ సమయాన్ని కొద్దిగా సవరించడం, అంతకు మించి చేయాలంటే ఇంజన్ విప్పి, వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ మార్చాలి. పైగా నేను మొదట రెండున్నర అంగుళాల గొట్టం వేయించాను, లావుగా ఉంటే మంచిదనుకుని. శబ్దం వచ్చింది, కింది వేగాల్లో లాగుడు పోయింది. సందులో స్పీడ్ బ్రేకర్ దాటి రెండో గేరులో తొక్కితే బండి ఆవులించేది. గొట్టం మరీ లావైతే పొగ వేగం తగ్గిపోతుందని, ఒక సిలిండర్ పొగ వెళుతూ పక్కదాని పొగను లాక్కుపోయే మేలు పోతుందని ఆటోనగర్‌లో మా మేస్త్రి అప్పుడు చెప్పాడు. "ముందే అడిగితే చెప్పేవాణ్ణి కదా సార్" అన్నాడు. అడగలేదు మరి. రెండు అంగుళాలకు మార్పించాను. ఆ తప్పు ఖరీదు పై లెక్కలో కలపలేదు, సిగ్గేసి.

కానీ సరిగ్గా కుదిరాక ఆ బండి తీరే మారింది. టాకోమీటర్ ముల్లు సగం దాటాక వీటెక్ అందుకుంటుంది. ఆయిల్ ఒత్తిడితో ఒక పిన్ను కదిలి, వాల్వులు రెండో రకం కామ్ మీదికి మారి ఇంకా ఎక్కువ తెరుచుకుంటాయి. అంతవరకు గొణిగే ఇంజన్ అక్కడి నుంచి గొంతెత్తుతుంది. 8 హార్స్‌పవర్‌లో ఆరేడు ఆ పైభాగంలోనే ఉన్నాయి. మామూలుగా ఆఫీసుకు వెళ్లివచ్చేటప్పుడు అవి ఉన్నాయని కూడా తెలియదు.

పోలోది వేరే స్వభావం. కంపెనీ లెక్క 110 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. ఆ టార్క్ అంతా 1,750 ఆర్‌పీఎం దగ్గరే చేతికి వస్తుంది. రీమ్యాప్ అంటే టర్బో గాలిని ఎంత నొక్కాలో, ఎంత పెట్రోలు చల్లాలో, ఎప్పుడు మండించాలో చెప్పే పట్టికలను తిరగరాయడమే. స్పానర్ పట్టే పనే లేదు. రెండు గంటలు కూర్చున్నాను, టీ తాగాను, అయిపోయింది. బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు వైపు సాయంత్రం రద్దీలో, మూడో గేరు దించకుండానే ఆటోల మధ్య ఖాళీ దొరికినప్పుడల్లా జారుకుంటూ పోవడం ఈ బండికే చెల్లింది. రోజూ ఊళ్లో నడిపేవాళ్లకు ఇంతకన్నా సుఖం లేదు. ఇందులో వాదనకేమీ లేదు.

కొలతల గురించి ఒక పక్క మాట. రెంటినీ బెంగళూరులో డైనో మీద, అంటే చక్రాల దగ్గర బలం కొలిచే యంత్రం మీద, కొలిపించాను. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, విజయవాడతో పోలిస్తే అక్కడి గాలి ఎనిమిది తొమ్మిది శాతం పలచన. ఎన్ఏ ఇంజన్ ఆ మేరకు నీరసిస్తుంది. టర్బో మాత్రం ఇంకొంచెం వేగంగా తిరిగి లోటు చాలావరకు పూడ్చుకుంటుంది. డైనో యంత్రం వాతావరణాన్ని బట్టి సవరించిన అంకెను కాగితం మీద ఇస్తుంది. ఆ సవరణ సిటీకి న్యాయం చేస్తుంది, పోలోకు ఉదారంగా మార్కులు వేస్తుంది. కాబట్టి నా 23లో ఒకటో రెండో ఆ కొండ గాలి దయ. సవరణ లేని కాగితం కూడా అడిగి తీసుకోండి.

ఇప్పుడు ఆగని ఖర్చు సంగతి. రీమ్యాప్ తర్వాత చక్రాల దగ్గర టార్క్ 215 న్యూటన్ మీటర్లు వచ్చింది. కంపెనీ క్లచ్ అందుకోసం తయారైంది కాదు. 31,000 కిలోమీటర్ల దగ్గర, హైవే మీద మూడో గేరులో లారీని దాటబోతే ముల్లు పైకి లేచింది, బండి మాత్రం అలాగే ఉంది. ప్లేటు జారుతోంది. తప్పు బండిది కాదు, నాదే. 175కి కట్టిన వంతెన మీదికి అంతకన్నా బరువు తోలింది నేను. గట్టి క్లచ్‌కు రూ.36,000 అయింది. ఇప్పుడు మళ్లీ లెక్క వేస్తే గుర్రం రూ.3,400 దగ్గర తేలింది. ఇప్పటికీ సిటీకన్నా చవకే, కానీ మొదటి రోజు నేను గొప్పగా చెప్పుకున్న అంకె మాత్రం కాదు.

ఆ తరువాత ఎండ. మా ఊరి మే నెల గురించి చెప్పనవసరం లేదు. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, దాన్ని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్. ఈ ఇంజన్‌లో అది నీటితో చల్లబడే రకం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపలే ఇమిడి ఉంటుంది. ముందు బంపర్ వెనక పెద్దది తగిలించి చేతులు దులుపుకోవడం కుదరదు. 44 డిగ్రీల మధ్యాహ్నం కాజ టోల్ దగ్గర పది నిమిషాలు నిలబడి కదిలితే, నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోలు అదుపు తప్పి మండడం) రాకుండా ఈసీయూ ఇగ్నిషన్‌ను వెనక్కి లాగేసుకుంటుంది, అంటే ఆలస్యంగా మండిస్తుంది, బలం తగ్గుతుంది. డబ్బు పోసి కొన్న గుర్రాలు ఎండకు నీడ చూసుకుని పడుకున్నట్టు ఉంటుంది. సాయంత్రం ఏడింటికి మళ్లీ లేస్తాయి. నా మ్యాప్ నాకింగ్‌ను ఎక్కువ తట్టుకునే 95 ఆక్టేన్ పెట్రోలుకు రాసింది, అందుకే ఆ రకం పెట్రోలు ఎక్స్‌పీ95 దొరికే బంకులు ఎక్కడున్నాయో దారి పొడవునా గుర్తు పెట్టుకోవడం అలవాటైంది. పోలోలా పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చల్లే ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వులను పెట్రోలు కడగదు. 60,000 దగ్గర కెమెరా పెట్టి చూపిస్తే మసి పేరుకుని ఉంది, శుభ్రం చేయించాను. ఆయిల్ 15,000కు బదులు 7,500కే మారుస్తున్నాను. టర్బోను మార్పించినవాళ్లు ఆయిల్ దగ్గర పిసినారితనం చూపకూడదు.

సిటీకి ఈ బాధలు లేవు, దాని బాధలు వయసువి. పదిహేనేళ్లు నిండాక 2017లో ఒకసారి, 2022లో మరోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాను. ఇథనాల్ ఎక్కువ కలిసిన పెట్రోలు వస్తోందని ముందుజాగ్రత్తగా పాత రబ్బరు పెట్రోలు పైపులన్నీ మార్పించాను. ఎండలో మాత్రం ఎప్పుడూ మొరాయించలేదు.

సిటీకే టర్బో తగిలిస్తే పోలేదా అని అడిగేవాళ్లు ప్రతి నెలా ఒకరు తగులుతారు. నాకూ ఆ పురుగు కుట్టింది. గుంటూరులో నాకు తెలిసిన ఒకాయన తన ఎన్ఏ బండికి కిట్ బిగించాడు. మొదటి నెల విమానంలా ఉందన్నాడు, నాలుగు వేల కిలోమీటర్లకు పిస్టన్ పగిలింది. టర్బో లేకుండా నడవడానికి కట్టిన ఇంజన్‌లో కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నలిపే మోతాదు) ఎక్కువగా పెడతారు. దానిమీద నొక్కిన గాలి కూడా పంపితే పెట్రోలు స్పార్క్‌తో పనిలేకుండా తనంతట తానే అంటుకుంటుంది. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, ఇంజెక్టర్లు, క్లచ్, రేడియేటర్ అన్నీ మార్చితే తప్ప అది నిలవదు. అన్నీ మార్చే డబ్బుతో టర్బో ఉన్న మంచి పాతబండి ఒకటి వస్తుంది. ఈ ఒక్క విషయంలో నాకు సందేహం లేదు: వద్దు.

చట్టం గురించి కూడా చెప్పాలి, చాలామంది చెప్పరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. మార్పు సంగతి బీమా కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. పోలోను రీమ్యాప్ చేయించినప్పుడు ఇంజన్ వారంటీ మీద ఆశ వదులుకునే చేయించాను. ఆ ధైర్యం లేనివాళ్లు వారంటీ అయ్యేదాకా ఆగండి.

ఇంతకీ ఏది? రోజూ నడపడానికి ఒకటే బండి ఉండి, బలమే కావాలంటే, పుట్టుకతో టర్బో ఉన్నదాన్నే కొని తేలికపాటి మ్యాప్‌తో ఆపండి. క్లచ్ డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. ఎన్ఏ మీద డబ్బు పెడితే బలం కోసం పెట్టకండి, ఆ పైభాగపు గొంతు కోసం పెట్టండి. అది అక్కరలేనివాళ్లకు అది శుద్ధ దండగ.

నా సంగతికొస్తే, పోలోను మా ఆవిడ ఎక్కువగా నడుపుతుంది. "మొదటి గేరులో ముందుకు దూకుతోందండీ, పార్కింగ్‌లో భయమేస్తోంది" అని రెండేళ్లుగా అంటూనే ఉంది. పోయిన దసరా తర్వాత కంపెనీ మ్యాప్ తిరిగి వేయించాను. గట్టి క్లచ్ మాత్రం అందులోనే ఉంది, రూ.36,000ది, ఇక దానికి పెద్దగా పనిలేదు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌కు నేను ఇప్పటికీ సిటీలోనే వెళతాను. అక్కడ కోతులు, ఆర్టీసీ బస్సులు, గుడ్డి మలుపులు. వేగంగా పోయే చోటు కాదు. రెండో గేరులో ముల్లు సగం దాటించి, వీటెక్ గొంతెత్తేదాకా ఆగి, తరువాతి మలుపుకు ముందే కాలు తీసేస్తాను.