గుర్రం ఎక్కడానికి ఏ బూట్లు, తబేలా పనికి ఏ బూట్లు: ఏది మేలు?

పెళ్లిళ్ల సీజన్‌లో నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా బరాత్ గుర్రాన్ని పట్టుకొని నడిచేవాళ్ల కాళ్లకు ఎక్కువగా హవాయి చెప్పులే కనిపిస్తాయి. తోటల్లో సొంతంగా ఒకటో రెండో గుర్రాలు పెంచుకునేవాళ్లు స్పోర్ట్స్ షూతో జీనెక్కుతారు. రెండూ తప్పే, అయితే వేర్వేరు కారణాలకు. తబేలాలో, అంటే గుర్రపుశాలలో, గుర్రం మన పాదం తొక్కుతుంది. జీను మీద మన పాదం రికాబులో, అంటే జీనుకు వేలాడే పాదం పెట్టుకునే కడ్డీలో, ఇరుక్కుంటుంది. మొదటిదాంతో వేళ్లు విరుగుతాయి, రెండోదాంతో ప్రాణమే పోవచ్చు. పైగా ఒకచోట కాపాడే గుణమే ఇంకోచోట ముప్పు తెస్తుంది. నేలను గట్టిగా పట్టే, లోతైన గాళ్లు (గాడులు) ఉన్న సోల్ తడి తబేలాలో పడిపోకుండా ఆపుతుంది, రికాబులో మాత్రం పాదాన్ని బయటికి రానివ్వదు.

స్వారీకి: ముందు మడమ చూడండి

స్వారీ బూటుకు ఉండాల్సిన మొదటి లక్షణం ఒక అంగుళం, అంటే 2.5 సెం.మీ. వరకు ఎత్తుండి, ముందువైపు నిటారుగా తెగినట్టుండే మడమ. పాదం వెడల్పు భాగం రికాబు మీద ఆని, మడమ కిందికి దిగి ఉండాలి. గుర్రం బెదిరి ఎగిరినప్పుడు పాదం ముందుకు జారితే ఈ మడమ రికాబు అంచుకు తగిలి ఆగుతుంది. మడమ లేకపోతే పాదం చీలమండ దాకా రికాబులోకి దూరుతుంది. అప్పుడు కింద పడిన మనిషిని గుర్రం ఈడ్చుకుపోతుంది. వెనకాల ఏదో వేలాడుతోందన్న భయంతో అది ఇంకా వేగంగా ఉరుకుతుంది. స్పోర్ట్స్ షూ వద్దనడానికి అసలు కారణం ఇదే. దాని అడుగు ముందునుంచి వెనకదాకా ఒకటే వాలుగా ఉంటుంది, ఆపే మెట్టు ఉండదు. మెత్తని సోల్ రికాబు కడ్డీ చుట్టూ వంగి అరికాలు నొప్పి పెట్టడం దాని తర్వాతి సంగతి.

రెండో లక్షణం సోల్. ఒకే ముక్కగా, చిన్న గీతలతో, దాదాపు నున్నగా ఉండాలి. పోలీసు, ఆర్మీ తరహా బూట్లు గట్టివి కదా అని కొనేవాళ్లు చాలామంది. మడమ సరిపోతుంది, తోలు బాగుంటుంది, కానీ సోల్ కింద లోతైన గాళ్లుంటాయి. రికాబు కడ్డీ ఆ గాడిలో పడితే పాదం పక్కకు తిరగదు. గద్వాల వైపు నల్లరేగడిలో వానాకాలం ఈ గాళ్లు మట్టితో నిండి బూటు బరువెక్కుతుంది కూడా. అలాంటి బూట్లే ఉంటే మోచీ దగ్గర సోల్ తీయించి నున్నటి రబ్బరు సోల్ కుట్టించుకోవచ్చు. అది మంచి ఉపాయమే.

మూడోది రికాబు వెడల్పు. బూటు ఎంత మంచిదైనా రికాబు ఇరుకైతే లాభం లేదు. సోల్ అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నచోట కొలిచి దానికి 25 మి.మీ. కలపండి. ఉదాహరణకు సోల్ 95 మి.మీ. ఉంటే రికాబు లోపలి వెడల్పు 120 మి.మీ. ఉండాలి. అంతకన్నా తక్కువైతే పాదం బిగుసుకుంటుంది. మరీ ఎక్కువైతే మొత్తం పాదం దూరిపోతుంది, ఇది పిల్లల విషయంలో తరచూ జరిగే పొరపాటు. పెద్దవాళ్ల జీను మీద పిల్లల్ని ఎక్కిస్తే రికాబులు మార్చాల్సిందే. పక్కన రబ్బరు పట్టీ ఉండే సేఫ్టీ రికాబులు పిల్లలకు మేలు. పడ్డప్పుడు పట్టీ ఊడి పాదం బయటికొస్తుంది. పట్టీ ఎప్పుడూ బయటివైపే ఉండాలి.

ఇక ఎంపిక. స్వారీకి నిజంగా పోటీ పడేవి రెండే: చీలమండ దాకా వచ్చే జోధ్‌పూర్ బూట్లు, మోకాలి దాకా వచ్చే పొడుగు బూట్లు. పొడుగు బూట్లు అందంగా ఉంటాయి, పిక్కను జీనుకు కదలకుండా ఆనిస్తాయి, పోటీల్లో అడుగుతారు. కానీ ఏప్రిల్, మేలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలకు చేరే రోజుల్లో వాటిలో కాలు ఉబ్బి, దిగాక బూటు తీయడమే ఒక పని అవుతుంది. కొలతా కష్టమే. కూర్చొని మోకాలు 90 డిగ్రీలు వంచి, నేలనుంచి మోకాలి వెనక మడత దాకా ఎత్తు, పిక్క చుట్టుకొలత తీసుకోవాలి. కొత్తలో మోకాలి వెనక కాస్త గుచ్చుకునేంత పొడవుండాలి, ఎందుకంటే చీలమండ దగ్గర తోలు ముడతలు పడ్డాక బూటు రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. కొన్న రోజే సుఖంగా ఉన్న జత ఆరు నెలలకు పొట్టిదైపోతుంది.

జోధ్‌పూర్ బూట్లకు ఈ బెడద లేదు. పిక్కకు రికాబు తోలు ఒరుసుకోకుండా పైన హాఫ్ చాప్స్, అంటే పిక్కకు చుట్టుకునే తొడుగులు, వేసుకుంటే సరి. దిగగానే చాప్స్ విప్పేసి నడవచ్చు. చాప్స్ జిప్పు కాలికి బయటివైపు ఉండాలి, లోపలివైపు ఉంటే జీను తోలును గీరుతుంది. మన వాతావరణానికి నా ఓటు ఈ జతకే, అందులోనూ పక్కల ఎలాస్టిక్ ఉండే రకానికి. లేసుల రకం చీలమండను బాగా పడుతుంది గానీ, విడిపోయిన లేసు రికాబుకు చుట్టుకోగలదు. లేసులవే తీసుకుంటే ముడి వేశాక కొసలు లోపలికి దోపేయాలి.

వనపర్తి సంస్థానపు సిద్దీ (ఆఫ్రికా మూలాలున్న) సైనికులే తర్వాత హైదరాబాద్‌లో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయ్యారు, ఏసీ గార్డ్స్ బస్తీ పేరు అక్కడిదే. గుర్రపు దళాలను నడిపిన నేల ఇది. ఇక్కడ స్వారీకి సరైన బూటు కొత్త షోకేమీ కాదు.

తబేలాలో: గంబూట్లా, సేఫ్టీ షూనా?

ఇక్కడ లెక్క వేరు. 400 కిలోల గుర్రం ఊరికే నిలబడ్డప్పుడు దాదాపు 60 శాతం బరువు ముందుకాళ్ల మీదే ఉంటుంది, అంటే ఒక్కో ముందుకాలి కింద 120 కిలోలు. అది కదులుతూ తిరిగేటప్పుడు ఇంకా ఎక్కువ. ఆ బరువంతా లాడం సన్నని అంచు గుండా మీ వేళ్ల మీదికి దిగుతుంది. హవాయి చెప్పు, గుడ్డ బూటు దీన్ని ఏ మాత్రం ఆపలేవు.

ముందు వేళ్లను కప్పే ఇనుప టోపీ ఉన్న సేఫ్టీ షూ ఆపుతుంది. ఐఎస్ 15298 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఆ టోపీ 200 జౌళ్ల దెబ్బకు తట్టుకోవాలి, అంటే 20 కిలోల బరువు మీటరు ఎత్తునుంచి పడ్డట్టు. టోపీ వంగి వేళ్లను తెగ్గోస్తుందని చాలామంది భయపడతారు. అంత బలం పడితే టోపీ లేని వేళ్లు ముందే నుజ్జవుతాయి కాబట్టి ఆ భయంతో మానుకోవడం తెలివి కాదు. టోపీ కాపాడేది వేళ్లనే, పాదం పైభాగాన్ని కాదు. కాబట్టి గుర్రం తొక్కే అవకాశమే తగ్గించుకోవాలి. భుజం పక్కన నిలబడాలి, గుర్రాన్ని తిప్పేటప్పుడు మీ నుంచి అవతలికి తోయాలి.

మరో లాభం మేకులది. లాడాలు కొట్టించిన రోజు నేలమీద మేకులు మిగులుతాయి. చెలకల్లో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు సరేసరి. పెట్టె మీద ఎస్1పీ అని గానీ ఎస్3 అని గానీ ఉంటే అడుగున మేకు దిగని పొర ఉందని అర్థం. గుర్రపు లద్ది కలిసిన మట్టిలో ధనుర్వాతం బీజాలు ఉంటాయి, అందుకే అక్కడ చిన్న గుచ్చు కూడా చిన్నది కాదు. బూట్లు ఏవైనా టీకా సకాలంలో వేయించుకోవాలి.

మరి గంబూట్లు? కడగడం, లద్ది ఎత్తడం, వానాకాలం బురద, ఈ మూడింటికి వాటిని మించినవి లేవు. మూత్రం నుంచి పుట్టే అమోనియా తోలును ఎండగట్టి పగలగొడుతుంది, కుట్లు కొరికేస్తుంది. గంబూటును నీళ్లతో కడిగితే చాలు. దాని లోపం వేడి. రెండు గంటలకు మించి వేసుకుంటే లోపల చెమట పట్టి వేళ్ల సందుల్లో ఫంగస్ వస్తుంది. నూలు సాక్స్ రెండు జతలు దగ్గరుంచుకొని మధ్యలో మార్చుకోవాలి. టోపీ ఉన్న గంబూట్లూ దొరుకుతాయి, కొనేదేదో అవే కొనడం మేలు. వాటితో మాత్రం గుర్రం ఎక్కకూడదు. వదులు, వెడల్పు, గాళ్లు, రబ్బరు పట్టు, అన్నీ కలిసి రికాబులో ఇరికించే బూటది. సేఫ్టీ షూ కూడా అంతే, ముక్కు లావు.

ఒక్క జతకే డబ్బున్నప్పుడు

అప్పుడు తోలు జోధ్‌పూర్ బూట్లే కొనండి, తబేలాలోనూ అవే వేసుకోండి. వేళ్లకు ఇనుము ఉండదు, బూట్లూ త్వరగా పాడవుతాయి. అయినా తొక్కుడు గాయం కన్నా రికాబులో ఇరుక్కోవడం పెద్ద ప్రమాదం, అందుకే ఈ వరుస. తర్వాత చేతికి వచ్చే డబ్బుతో గంబూట్లు కొనాలి. సేఫ్టీ షూ మూడోది. స్వారీ చేయకుండా సైసు పని, అంటే గుర్రాన్ని చూసుకునే పని, మాత్రమే చేసేవాళ్లకు వరుస తిరగబడుతుంది: ముందు సేఫ్టీ షూ, తర్వాత గంబూట్లు. బరాత్‌లో గుర్రాన్ని పట్టుకునేవాళ్లూ ఈ కోవలోకే వస్తారు. డప్పులు, టపాసుల మధ్య గుర్రం అడుగు ఎటు పడుతుందో చెప్పలేం. పెళ్లి నల్లబూట్లలాగే కనిపించే సేఫ్టీ షూ దొరుకుతాయి, కాబట్టి చూడ్డానికి బాగుండవన్న సాకు కుదరదు.

కొనేటప్పుడు సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేసుకునే సాక్స్‌తోనే తొడిగి చూసి, బొటనవేలి ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉందో లేదో చూడాలి. సోల్ ఏ రకమో అడగండి. పీయూ (పాలీయురేథేన్) సోల్ తేలికే గానీ, వాడకుండా ఏళ్ల తరబడి ఉంచితే గాలిలోని తేమకే పొడిపొడిగా రాలిపోతుంది. తయారీ తేదీ పాతదైతే తగ్గింపు ధరకు ఆశపడొద్దు. అతికించిన సోల్ రేకుల షెడ్డు వేడికి ఊడుతుంది. కుట్టిన రబ్బరు సోల్ అరిగినా మోచీ మార్చగలడు.

పని అయ్యాక తోలు బూట్లను తడిగుడ్డతో తుడిచి, లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే బిరుసెక్కి మడతల దగ్గర పగులుతాయి. పది పదిహేను రోజులకోసారి శాడిల్ సోప్‌తో (తోలు శుభ్రం చేసే సబ్బుతో) తుడిచి పలచగా నూనె పట్టించాలి. ఎక్కువైతే తోలు సాగి కుట్లు వదులవుతాయి. ప్లాస్టిక్ కవర్లో కట్టిపెడితే వానాకాలంలో బూజు ఖాయం. గంబూట్లను తలకిందులుగా కర్రకు తగిలించండి, అయినా పొద్దున తొడిగే ముందు ఒకసారి దులపండి. వరిగడ్డి పక్కన పెట్టిన బూటులో తేలు దూరడానికి ఒక్క రాత్రి చాలు.