నెలవారీ మందులకు ఏది మేలు: వీధి చివరి షాపా, మరుందగమా, ఫోన్‌లోని యాపా?

చెన్నైలో పెరంబూరు, విల్లివాక్కం, కొరట్టూరు వైపు ఉండే తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లున్న ఏ ఇంటికి వెళ్లినా ఫ్రిజ్ మీదో టీవీ పక్కనో ఒక ప్లాస్టిక్ డబ్బా, దాని నిండా బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ మాత్రల స్ట్రిప్పులు కనిపిస్తాయి. మా ఇంట్లో ఆ డబ్బా మా అత్తగారిది. ఆవిడకు తమిళం మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు, ఇంగ్లీషు అక్షరాలూ రావు. అందుకని పొద్దుటి స్ట్రిప్పు వెనక స్కెచ్ పెన్నుతో సూర్యుణ్ణి, రాత్రి స్ట్రిప్పు వెనక చంద్రవంకను నేనే గీసి ఇస్తాను. ఆ డబ్బా నింపే ఖర్చు ఏటేటా పెరగడంతో వీధి చివరి మందుల షాపులోనూ, ప్రభుత్వ పథకాల కింద నడిచే మరుందగాల్లోనూ (తమిళంలో మరుందగం అంటే మందుల దుకాణం), యాప్‌లలోనూ మార్చి మార్చి కొని చూశాను. ఏ దుకాణం చవక అన్న ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. ఏ మందు ఎక్కడ కొనాలన్న దానికి మాత్రం దొరికింది.

ముందుగా రాయితీ లెక్క చూద్దాం, ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. యాప్ 20 శాతం తగ్గిస్తానంటుంది, వీధి షాపాయన అడిగితే 10 శాతం తగ్గిస్తాడు, కాబట్టి యాప్ మేలనుకుంటాం. తగ్గింపు దేనిమీద అన్నది చూడం. పది మాత్రల స్ట్రిప్పు మీద 150 రూపాయలని ముద్రించి 20 శాతం తగ్గిస్తే మనం కట్టేది 120. అదే మందును అదే మోతాదులో ఇంకో కంపెనీ 40 రూపాయలకు ముద్రించి పైసా తగ్గించకపోయినా మనకు 80 రూపాయలు మిగులుతాయి. మన దేశంలో పేటెంటు తీరిన మందులను పదుల కొద్దీ కంపెనీలు తలా ఒక పేరు పెట్టి అమ్ముతాయి కాబట్టి ఈ తేడా అరుదేమీ కాదు. అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి జాతీయ ఔషధ ధరల ప్రాధికార సంస్థ గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. జాబితాలో లేనివాటి ధరను కంపెనీ ఏడాదికి 10 శాతం వరకు పెంచుకోవచ్చు. షుగరుకు వాడే ఎంపాగ్లిఫ్లోజిన్‌నే చూడండి. 2025 మార్చిలో దాని పేటెంటు తీరేదాకా మాత్ర ఒక్కింటికి 60 రూపాయల దాకా పెట్టినవాళ్లకు, ఆ నెలలోనే పది రూపాయల లోపు దొరికే మాత్రలు కూడా వచ్చాయి. పాత చీటీ చూపించి పాత బ్రాండే కొంటూ పోయిన వాళ్లకు ఆ సంగతి షాపువాళ్లు చెప్పలేదు, యాప్ కూడా చెప్పలేదు. డాక్టరును మనమే అడగాలి.

రోజూ జీవితాంతం మింగాల్సిన బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ మాత్రల వరకైతే నా ఓటు మరుందగాలకే. చెన్నైలో ఇవి రెండు రకాలు, పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది ఒకటే అనుకుంటారు. 'మక్కళ్ మరుందగం' అన్న బోర్డు కేంద్ర ప్రభుత్వపు జన ఔషధి కేంద్రానిది. ఆ పథకం 2008లో మొదలైంది, అక్కడి ధరలు పేరున్న బ్రాండ్ల కంటే 50 నుంచి 90 శాతం తక్కువగా ఉంటాయని ప్రభుత్వం చెబుతుంది. 'ముదల్వర్ మరుందగం' తమిళనాడు ప్రభుత్వానిది. 2025 ఫిబ్రవరి 24న రాష్ట్రవ్యాప్తంగా వెయ్యి దుకాణాలతో మొదలైంది. వీటిని సహకార సంఘాలూ, ఫార్మసీ చదివిన వ్యక్తులూ నడుపుతున్నారు. చవక మందు పనిచేస్తుందా అని మా అత్తగారు అడిగినట్టే అందరూ అడుగుతారు. జన ఔషధికి సరుకిచ్చే తయారీదారులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారీ ప్రమాణాల ధ్రువపత్రం ఉండాలి, ప్రతి బ్యాచినీ గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షించాకే పంపాలన్నది నిబంధన. నాసిరకమని తేలిన బ్యాచీల జాబితాను కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా ప్రకటిస్తుంది. అందులో పెద్ద బ్రాండ్ల పేర్లు కూడా కనిపించిన సందర్భాలున్నాయి గనుక, ఖరీదే నాణ్యతకు హామీ అనుకోవడానికి లేదు.

మరుందగాలతో అసలు చిక్కు సరుకు దగ్గర వస్తుంది. మూడు రకాలడిగితే రెండు ఉంటాయి, మూడోది వచ్చే వారమంటారు. రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే మన చీటీలోని మోతాదు దొరకడం ఇంకా కష్టం. కాబట్టి స్ట్రిప్పు అయిపోయే రోజున కాకుండా పది రోజులు ముందే వెళ్లాలి. పైగా డాక్టరు బ్రాండు పేరు రాస్తే, షెడ్యూల్ హెచ్ మందుల (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవాటి) విషయంలో దానికి బదులు మరొకటి తనంతట తాను ఇచ్చే అధికారం ఫార్మసిస్టుకు చట్టప్రకారం లేదు. డాక్టరును అడిగి బ్రాండు పేరు పక్కన అసలు మందు పేరు కూడా రాయించుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. మా డాక్టరు మొదట ముఖం చిట్లించారు గానీ రాశారు.

యాప్‌ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఊరంతా తిరిగినా దొరకని మందు యాప్‌లో ఒక్క పూటలో దొరుకుతుంది, పది కంపెనీల ధరలు పక్కపక్కనే కనిపిస్తాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇంటి గుమ్మానికే వస్తుంది. చట్టం మాత్రం ఇంకా స్పష్టపడలేదు. ఆన్‌లైన్ మందుల అమ్మకాలపై కేంద్రం 2018 ఆగస్టులో ముసాయిదా నిబంధనలు వెలువరించింది. నిబంధనలు ఖరారయ్యేదాకా అమ్మకాలు ఆపాలని ఆ డిసెంబరులో మద్రాసు హైకోర్టు సింగిల్ జడ్జి తీర్పునిచ్చారు, ఆ తర్వాత ఇద్దరు జడ్జీల డివిజన్ బెంచి ఆ తీర్పు అమలును నిలిపివేసింది. ముసాయిదా ఏళ్ల తరబడి ముసాయిదాగానే ఉండిపోయింది. అందువల్ల యాప్‌లో కొన్న మందుకు కూడా చట్టపరంగా పూచీ ఎక్కడో ఉన్న ఒక మామూలు మందుల దుకాణం లైసెన్సే. బిల్లు మీద ఆ దుకాణం పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, ఫార్మసిస్టు పేరు ఉన్నాయో లేవో చూసుకోవాలి. బిల్లులోని బ్యాచి నంబరు, గడువు తేదీ స్ట్రిప్పు మీదివాటితో సరిపోలాలి. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్లపై 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ ముద్రించడం తప్పనిసరి అయింది, దాన్ని ఫోన్‌తో స్కాన్ చేస్తే తయారీ వివరాలు వస్తాయి. చీటీ అడగకుండా యాంటీబయాటిక్‌నో నిద్రమాత్రనో పంపిస్తామనే వెబ్‌సైటు, చిరునామా లేకుండా వాట్సాప్‌లో బరువు తగ్గించే ఇంజెక్షన్లు అమ్మే నంబరు ఎంత తగ్గింపు ఇచ్చినా అటు వెళ్లకూడదు.

ఇన్సులిన్ మాత్రం నేను యాప్‌లో కొనడం మానేశాను. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. నిరుడు మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి, ఒక యాప్ నుంచి ఇన్సులిన్ పెన్నుల పెట్టె వచ్చింది. పెట్టెలో పెట్టిన జెల్ ప్యాకెట్ పూర్తిగా కరిగి నా అరచేతికి వెచ్చగా తగిలింది, పెట్టె అడుగున అట్ట మెత్తబడి ఉంది. అది దారిలో ఎన్ని గంటలు ఎండలో ఉందో తెలుసుకునే దారి లేదు, ఎండకు చెడిన ఇన్సులిన్ చాలాసార్లు చూపుకు మామూలుగానే ఉంటుంది. డబ్బు తిరిగి ఇచ్చారు గానీ అందుకు ఆరు రోజులు పట్టింది. ఇప్పుడు వీధి చివరి షాపులో ఫ్రిజ్ నుంచి తీయించుకుని, చిన్న థర్మోస్ ఫ్లాస్కులో అయిదు నిమిషాల్లో ఇంటికి తెచ్చుకుంటున్నాం. దానికి రెండు డబ్బులు ఎక్కువైనా ఫరవాలేదు.

అర్ధరాత్రి జ్వరానికీ, అయిదు రోజుల యాంటీబయాటిక్‌కూ కూడా వీధి షాపే దిక్కు. అక్కడ విడి మాత్రలు ఇస్తారు, తెలిసినవాళ్లకు ఖాతా ఉంటుంది. ఈ రెండూ యాప్‌లో కుదరవు. అయితే స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలిచ్చేటప్పుడు గడువు తేదీ ఉన్న కొస ఆయన దగ్గరే ఉండిపోతుంది. తేదీని బిల్లు మీద రాయించుకోవడం మరవకండి.

ఈ మూడింటికీ ముందు లెక్కలోకి రావాల్సింది ఇంకొకటి ఉంది. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు మాత్రలు ఉచితం. 2021 ఆగస్టులో మొదలైన తమిళనాడు ప్రభుత్వ 'మక్కళై తేడి మరుత్తువం' (ప్రజల వద్దకే వైద్యం) పథకం కింద వాటిని ఇంటికే తెచ్చి ఇస్తారు. మధ్యతరగతి తెలుగు కుటుంబాలు మనకెందుకులే అని నామోషీ పడటం నేను చూశాను, మేమూ పడ్డాం.

అన్ని మందులనూ మాత్రం చవక కోసం మార్చకూడదు. థైరాయిడ్ మాత్ర, మూర్ఛ మందు, రక్తం పలచబరిచే వార్ఫరిన్ లాంటివాటిలో మోతాదు రవ్వంత తేడా పడినా శరీరానికి తెలుస్తుంది. వీటిని ఒకే కంపెనీవి వాడటం మేలు. థైరాయిడ్ మాత్ర మార్చక తప్పకపోతే డాక్టరుకు చెప్పి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి.

చివరగా నా పొరపాటు ఒకటి. మక్కళ్ మరుందగంలో మొదటిసారి బీపీ మాత్ర టెల్మీసార్టాన్ కొన్న రోజున కొత్త స్ట్రిప్పు వెనక సూర్యుణ్ణి గీసి డబ్బాలో పెట్టాను, పాత బ్రాండులో మిగిలిన ఆరు మాత్రలను తీయడం మరిచాను. రంగు వేరు, ఆకారం వేరు, వెనక సూర్యుడు మాత్రం రెండింటికీ ఉన్నాడు. మా అత్తగారు రెండు రోజులు రెండూ వేసుకుని, మూడో రోజు కళ్లు తిరుగుతున్నాయని మంచం మీద కూలబడ్డాక చూస్తే బీపీ బాగా పడిపోయి ఉంది. ఇప్పుడు దుకాణం మారినప్పుడల్లా పాత స్ట్రిప్పు ఖాళీ అయ్యేదాకా కొత్తదాన్ని బీరువాలోనే ఉంచుతున్నాను.