జొటెరోనా, మెండలేనా?

లైబ్రరీలో రిఫరెన్స్ టూల్స్ వర్క్‌షాప్ అవ్వగానే జూనియర్లు అడిగేది ఇదే, ఏది వేసుకోవాలి అక్కా అని. రెండూ ఫ్రీనే, రెండూ బ్రౌజర్‌లో ఒక్క క్లిక్‌తో పేపర్ వివరాలు లాగేసి థీసిస్ చివర రిఫరెన్సుల లిస్టు కట్టేస్తాయి, అక్కడిదాకా పెద్ద తేడా ఏం లేదు.

స్టోరేజ్‌లో మెండలేదే పైచేయి, 2 జీబీ ఇస్తుంది, జొటెరో ఫ్రీగా ఇచ్చేది 300 ఎంబీనే, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు నాలుగు పడేస్తే ఇట్టే నిండిపోద్ది. కానీ ఫైల్స్ ల్యాప్‌టాప్‌లోనే ఉంచుకుని వాటి సింక్ ఆపేస్తే ఆ గొడవే ఉండదు, వివరాలు మాత్రం ఎన్నైనా సింక్ అవుతాయి.

నేనైతే జొటెరో వైపే. గూగుల్ డాక్స్‌లో నేరుగా పనిచేస్తుంది, మెండలే వాళ్ళ ప్లగిన్ ఏమో వర్డ్‌కే, మరి గైడ్ గారు డాక్స్‌లోనే కామెంట్లు పెడతానంటే ఇంక ఆలోచించేదేముంది. పైగా జొటెరో ఓపెన్ సోర్స్, 2006 నుంచి ఉంది. మెండలేని 2013లో జర్నల్స్ వేసే పెద్ద పబ్లిషింగ్ కంపెనీ ఎల్సెవియర్ కొనేసింది, 2021లో ఫోన్ యాప్ కూడా తీసేశారు, తార్నాక మెట్రోలో నిలబడి పేపర్లు చదివే ఓయూ బ్యాచ్‌కి అది దెబ్బే కదా.

అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో దొరికే పాత తెలుగు పుస్తకాలకి మాత్రం ఏదైనా ఒకటే, వివరాలు చేత్తో కొట్టుకోవాల్సిందే.

ఇప్పటికే మెండలేలో లైబ్రరీ పెట్టుకున్నోళ్ళు కంగారు పడకండి, జొటెరోలో ఇంపోర్ట్ ఆప్షన్ ఉంది.