టర్న్‌టేబుల్ కింద మెత్తని ప్యాడ్లు

ప్రకంపనలను ఆపే ప్యాడ్లను ఆడియో పరికరాలన్నిటి కిందా పెట్టుకోమని తయారీదారులు చెబుతుంటారు గానీ, నాకు వాటి అవసరం నిజంగా కనబడింది రికార్డును తిప్పి పాడించే టర్న్‌టేబుల్ దగ్గరే. రికార్డు గాడిలో మైక్రాన్లలో ఉండే ఒంపులను చదివే సూదికి పాటకూ బల్ల అదురుకూ తేడా తెలియదు. రెండింటినీ ఒకే తీరుగా ఆంప్లిఫయర్‌కు పంపిస్తుంది. నేను కొన్నవి అదురును పీల్చుకునే, రబ్బరులాంటి సార్బోథేన్ తరహా పాలీయురెథేన్‌తో చేసిన నాలుగు అర్ధగోళాకారపు ప్యాడ్లు.

మొదట నిరాశే ఎదురైంది. ఎంత ఎక్కువ బరువు మోస్తే అంత మంచిదనుకొని గట్టిరకం తెచ్చాను. 8 కిలోల టర్న్‌టేబుల్ కింద అవి అణగనే లేదు. ఈ ప్యాడ్లు పనిచేయాలంటే బరువుకు తగినంత అణగాలి. స్ప్రింగు లెక్కన చూస్తే, 1 మిల్లీమీటరు అణిగినప్పుడు సహజ పౌనఃపున్యం (ప్యాడ్ల మీది బరువు తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) సుమారు 16 హెర్ట్జ్, 4 మిల్లీమీటర్లు అణిగినప్పుడు 8 హెర్ట్జ్ ఉంటుంది, దానికి 1.4 రెట్లు దాటిన ప్రకంపనలే తగ్గడం మొదలవుతుంది, దాని దగ్గర్లో ఉన్నవి తగ్గకపోగా పెరుగుతాయి. రబ్బరు వంటి పదార్థాలు కదలికలో మరింత బిగుసుకుంటాయి కనుక అసలు అంకె ఇంకాస్త పైనే ఉంటుంది. ఒక్కో ప్యాడ్‌కు ఎంత బరువు సరిపోతుందో చెప్పకుండా, గరిష్ఠంగా ఎంత మోస్తుందో మాత్రమే పెట్టె మీద అచ్చువేయడం కొనేవాణ్ని తప్పుదోవ పట్టించడమే.

మెత్తరకానికి మారాక తేడా తెలిసింది. పళ్లెం తిరగకుండా ఆపి, సూదిని రికార్డు మీద ఉంచి, హెడ్‌ఫోన్లు పెట్టుకొని బల్లను వేలితో తట్టి చూశాను. ఇంతకుముందు తలుపు తట్టినట్టు 'ఠక్'మని వినిపించిన శబ్దం ఇప్పుడు దూరపు గదిలోంచి వచ్చినట్టు మందంగా వినిపించింది. మోటారు ఉన్న మూల ఎక్కువ అణగడంతో లెవెల్ మళ్లీ సరిచూసుకోవాల్సి వచ్చింది.

అవే ప్యాడ్లను ఆంప్లిఫయర్ కింద పెడితే నా చెవికి ఏ మార్పూ తెలియలేదు. కదిలే భాగం లేని పెట్టె కింద అంతకంటే ఆశించడం అత్యాశేనేమో. పైగా నెల తిరిగేసరికి పాలిష్ చేసిన చెక్క మీద నూనె మరకల్లాంటి నాలుగు గుండ్రటి అచ్చులు పడ్డాయి. ఇప్పుడు ప్రతి ప్యాడ్ కిందా ఒక గాజు బిళ్ల ఉంచుతున్నాను.

చెక్క నేల మీద అడుగుల అదురును మాత్రం ఇవి ఆపలేకపోయాయి. అది ప్యాడ్ల సహజ పౌనఃపున్యానికీ, సాధారణంగా 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉండే టోన్‌ఆర్మ్ (సూదిని మోసే చేయి) అనునాదానికీ, అంటే అది తేలిగ్గా ఊగిపోయే పౌనఃపున్యానికీ దగ్గర్లోనే ఉండటంతో, ఎవరైనా గదిలో నడిస్తే స్పీకర్‌లో లోతైన స్వరాలను పలికించే వూఫర్ పొర ముందుకూ వెనక్కీ ఊగేది. ఆ చిక్కు గోడకు బిగించిన పలకతో తీరింది. ప్యాడ్లను ఇప్పుడు ఆ పలక మీదే వాడుతున్నాను.