ఫాఫ్సా సమీక్ష: దరఖాస్తు ఉచితం, అప్పు కాదు

అమెరికాలో కాలేజీ చదువుకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు (తిరిగి కట్టనక్కరలేని సాయం) కావాలన్నా, రుణం కావాలన్నా ముందుగా నింపవలసినది ఫాఫ్సా దరఖాస్తు. 2025లో మా అమ్మాయి కాలేజీలో చేరినప్పుడు దాన్ని నింపి, రుణం తీసుకుని, ఒక విద్యా సంవత్సరం గడిచాక ఈ సమీక్ష రాస్తున్నాను. ఎఫ్-1, హెచ్-4 వీసాల మీద ఉన్న విద్యార్థులకు ఈ రుణం రాదు. అయితే బిడ్డ అమెరికా పౌరురాలైనా, గ్రీన్ కార్డు ఉన్నా, తల్లిదండ్రులు ఇంకా హెచ్-1బిలోనే ఉండడం అడ్డంకి కాదు.

దరఖాస్తుకు రుసుము లేదు కనుక, నింపిపెడతామని డబ్బులడిగే వారి జోలికి పోనవసరం లేదు. విద్యార్థికీ, తల్లిదండ్రులకూ వేర్వేరు ఆన్‌లైన్ ఖాతాలు ఉండాలి. ఉమ్మడిగా ట్యాక్స్ దాఖలు చేసే దంపతులలో ఒకరు చాలు. మనం సమ్మతి తెలిపితే ఆదాయ వివరాలు పన్నుల శాఖ ఐఆర్ఎస్ నుంచి నేరుగా వచ్చి చేరతాయి. నివసిస్తున్న ఇంటి విలువనూ, 401-కె అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతాలోని సొమ్మునూ ఆస్తులలో చూపనక్కరలేదు. మాకు ఎదురైన చిక్కల్లా నా పేరుతోనే. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా ఉండగా, నేను ఆఫీసులో వాడే పొట్టి పేరు టైపు చేయడంతో వివరాలు సరిపోలక, దిద్దుకోవడానికి మూడు రోజులు పట్టింది.

అసలు జాగ్రత్త అంతా ఆ తర్వాత కాలేజీ పంపే ఎయిడ్ ఆఫర్, అంటే ఆర్థిక సాయం వివరాల పత్రం దగ్గర కావాలి. మాకు వచ్చిన ఆఫర్‌లో స్కాలర్‌షిప్పు, గ్రాంటు, రుణం ఒకే వరుసలో కూర్చుని, కింద మొత్తం ఒకే అంకెగా కనిపించింది. అప్పును సాయంతో కలిపి కూడడం నాకు ఏమాత్రం నచ్చలేదు. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థికి మొదటి ఏడాది రుణ పరిమితి 5,500 డాలర్లు, అందులో సబ్సిడీ రుణం 3,500 డాలర్లకు మించదు. చదువుకునేటప్పుడు సబ్సిడీ రుణానికి వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. మిగిలిన 2,000కు మాత్రం ఆ ఏడాది రేటైన 6.39 శాతం చొప్పున మొదటి రోజు నుంచే వడ్డీ లెక్క మొదలై, నాలుగేళ్ల చదువూ ఆ తర్వాతి ఆరు నెలల గడువూ ముగిసేసరికి దాదాపు 550 డాలర్లవుతుంది. అందుకే సబ్సిడీ రుణానికి ఒప్పుకుని, రెండోదాన్ని వద్దన్నాము. తక్కువ తీసుకునే వీలు ఉందన్న సంగతి చాలామందికి తెలియదు.

తల్లిదండ్రుల పేరిట ఇచ్చే పేరెంట్ ప్లస్ రుణాన్ని నేను సిఫారసు చేయను. ఆ ఏడాది దాని వడ్డీ 8.94 శాతం, పైగా 4.228 శాతం రుసుము ముందే కోసుకుంటారు, అంటే 10,000 డాలర్లు అప్పు రాసిస్తే చేతికి వచ్చేది 9,577 మాత్రమే. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి ఏడాదికి 20,000, ఒక్కో బిడ్డకు మొత్తం 65,000 డాలర్ల పరిమితి విధించారు.

ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చినది, డబ్బు విడుదలైన 120 రోజుల లోపల అక్కరలేనిదాన్ని వెనక్కి ఇవ్వగల వెసులుబాటు. జనవరిలో రెండో విడత వచ్చాక, లైబ్రరీలో పనిచేసి కూడబెట్టుకున్న 500 డాలర్లను మా అమ్మాయి మార్చిలో తిరిగి కట్టింది. ఆ మొత్తం మీద కోసుకున్న 5 డాలర్ల రుసుమును కూడా రద్దు చేశారు.