టామాక్సిఫెనా, లెట్రోజోలా: అమ్మ వయసు వారికి ఏది?

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ ముగిశాక ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ రకమైతే (అంటే ఈస్ట్రోజెన్ లాంటి ఆడ హార్మోన్ల ఊతంతో పెరిగేదైతే) మాత్రం ఇంకా రోజుకో మాత్ర ఉంటుంది, సాధారణంగా కనీసం 5 ఏళ్లు.

టామాక్సిఫెన్ (20 మి.గ్రా.) ఈస్ట్రోజెన్‌ను క్యాన్సర్ కణాన్ని అంటుకోనివ్వదు. లెట్రోజోల్ (2.5 మి.గ్రా.) ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీనే తగ్గిస్తుంది. నెలసరి ఆగినవారిలో జబ్బు తిరగబెట్టకుండా చూడటంలో దీనిదే కాస్త పైచేయి, అందుకే పెద్దవాళ్లకు ఎక్కువగా ఇదే రాస్తారు.

ఎముకల దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. లెట్రోజోల్ ఎముకల్ని గుల్ల చేస్తుంది, కీళ్లు పట్టేస్తాయి. మా అమ్మకు పొద్దున్నే వేళ్లు ముడుచుకునేవి కావు, ఆవకాయ జాడీ మూత తీయలేకపోయేది. అడిగితే "వయసులే" అనేది. వయసు కాదు, మాత్ర. ఆ సంగతి డాక్టరుకు చెప్పడానికి మాకు నెలలు పట్టింది. మీరు ఆలస్యం చేయకండి. మొదలుపెట్టే ముందే డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం చూసే పరీక్ష) అడగండి. కాల్షియం, విటమిన్ డి చూసుకోండి, రోజూ నడిపించండి. నడక కీళ్లనొప్పికీ మంచిదే.

టామాక్సిఫెన్ ఈ వయసులో ఎముకను కాస్త కాపాడుతుంది. కానీ రక్తం గడ్డకట్టే ముప్పు, గర్భసంచి క్యాన్సర్ ముప్పు పెరుగుతాయి. ఒక పిక్క వాచినా, నెలసరి ఆగాక మళ్లీ రక్తస్రావం కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఎముకలు గట్టిగా ఉంటే నేను లెట్రోజోల్ వైపే. ఇప్పటికే తుంటి విరిగి ఉంటే టామాక్సిఫెన్ గురించి అడుగుతాను. గతంలో కాలిలో రక్తం గడ్డకట్టినవారికి అది సరిపడదు.