సూపర్ స్టార్ డిస్ట్రాయర్ లెగో సెట్టు కొంటున్నారా? 10221 పేరుతో వచ్చే ఈ ప్రకటనలతో జాగ్రత్త

స్టార్ వార్స్ సినిమాల్లో డార్త్ వేడర్ సొంత ఓడ ఎగ్జిక్యూటర్, అదే సూపర్ స్టార్ డిస్ట్రాయర్. ప్లాస్టిక్ ముక్కలతో కట్టుకునే దాని లెగో సెట్టు కొన్ని వేల రూపాయలకే ఇస్తామంటూ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు తెగ తిరుగుతున్నాయి. ఆర్డర్ పెట్టే ముందు దయచేసి ఇది చదవండి.

పెద్ద సైజు సెట్టు నంబరు 10221. 2011లో వచ్చింది. 3,152 ముక్కలు, కట్టాక పొడవు 124.5 సెంటీమీటర్లు, బరువు సుమారు 3.5 కిలోలు. అమెరికాలో అప్పటి ధరే 400 డాలర్లు. లెగో దాన్ని ఆపేసి ఏళ్లయింది. కాబట్టి "గోడౌన్ క్లియరెన్స్‌లో కొత్త పెట్టెలు, 80 శాతం తగ్గింపు" అని ఎవరైనా అంటే అది అబద్ధమే. ఇదే ఓడకు 2023లో 75356 అనే చిన్న సెట్టు వచ్చింది. 630 ముక్కలు, పొడవు 43 సెంటీమీటర్లు, వచ్చినప్పటి ధర అమెరికాలో 70 డాలర్లు. బల్ల మీద పెట్టుకోవడానికి అది చక్కటి సెట్టే. పెద్దదాని ఫోటో చూపించి దీన్నో, దీని నకలునో పంపినప్పుడే అది మోసం అవుతుంది.

ప్రకటనలో ముక్కల సంఖ్య, పొడవు, బరువు మూడూ కలిపి చూడండి. ముక్కల సంఖ్య ఎంతైనా రాసేస్తారు, బరువు మార్చడం మాత్రం మర్చిపోతారు. 3,152 ముక్కలని రాసి, కింద వివరాల్లో పార్శిల్ బరువు కిలో లోపు ఉంటే ఇక చూడక్కర్లేదు. స్కేల్ (బొమ్మ పొడవుకు, కథలోని ఓడ పొడవుకు నిష్పత్తి) రాసి ఉంటే లెక్క కట్టండి. కథలో ఈ ఓడ పొడవు 19 కిలోమీటర్లు, అంటే 10221 స్కేల్ 1:15,000కి దగ్గరగా వస్తుంది. 1:1000 అయితే బొమ్మే 19 మీటర్లు ఉండాలి.

ఇక నకిలీల సంగతి. "బ్రాండ్ ముఖ్యం కాదు, కట్టాక ఒకేలా ఉంటుంది" అనుకునేవాళ్లు చాలామంది. చిన్న సెట్లలో అది కొంతవరకు చెల్లుతుందేమో, ఈ ఓడ విషయంలో చెల్లదు. లోపల టెక్నిక్ బీములతో, అంటే వరుసగా రంధ్రాలున్న పొడవాటి లెగో ముక్కలతో కట్టిన పొడవాటి ఫ్రేమ్ ఉంటుంది, బూడిద రంగు ప్లేట్ల (పలుచని లెగో పలకల) పైకవచం బరువంతా దాని మీదే. ముక్కు వైపు చాలా భాగం స్టాండ్ దాటి గాల్లో ఉంటుంది. బీముల్ని కలిపే నల్ల పిన్నుల మీద సన్నని ఉబ్బు గీరలుంటాయి. పిన్ను బిగుసుకునేది ఆ గీరల రాపిడితోనే. నకిలీ పిన్నుల్లో ఆ గీరలు అరిగినట్టు ఉంటాయి, అతుకు దగ్గర వదులు వస్తుంది. ఒక్క అతుకులో అది కంటికి కనపడదు. ఇన్ని అతుకులు వరుసగా ఉండేసరికి ముక్కు కిందికి కుంగి, కవచం పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి. అప్పటికి కట్టడం ముగింపుకొచ్చి ఉంటారు, విప్పాలంటే మొదటి నుంచీ విప్పాల్సిందే.

ప్లేట్ల కొలతలూ అంతే. లెగోలో ఒక స్టడ్ (ముక్క పైనున్న గుండ్రటి బొడిపె) నుంచి ఇంకో స్టడ్‌కు దూరం 8 మిల్లీమీటర్లు. అచ్చులో ఒక్కో స్టడ్‌కు 0.05 మిల్లీమీటరు తేడా ఉన్నా, 16 స్టడ్‌ల ప్లేట్ చివరకొచ్చేసరికి 0.8 మిల్లీమీటరు తేడా తేలుతుంది. నొక్కి బలవంతంగా ఎక్కిస్తే ప్లేట్ విల్లులా వంగి, రెండు రోజుల్లో ఓ పక్క లేచిపోతుంది.

పార్శిల్ ఇప్పటికే వచ్చేసి ఉంటే, కట్టడం మొదలుపెట్టకముందే కొన్ని పనులు చేయండి. సీలు తీయకముందు నుంచి వీడియో ఆపకుండా తీయండి, లేబుల్ మీద బరువు కనపడాలి. నాలుగైదు ముక్కలు తీసి స్టడ్ మీద చూడండి, అసలుదైతే మధ్యలో బొక్క లేని స్టడ్‌ల మీద లెగో పేరు ఉబ్బెత్తుగా ఉంటుంది. రెండు బీములను రెండు నల్ల పిన్నులతో కలిపి, ఒక కొస పట్టుకుని అడ్డంగా నిలపండి. రెండో కొస జారితే ఆ పెట్టె వెనక్కి పంపాల్సిందే. తెలియక కట్టడం మొదలుపెట్టినవాళ్లు ఫ్రేమ్ పూర్తవగానే ఆగి, స్టాండ్ మీద పెట్టి పక్కన పొడవాటి స్కేలు ఆనించి చూడండి. అక్కడే వంపు కనిపిస్తే కవచం ఎక్కించవద్దు.

పాత సెట్టు ఎవరి దగ్గరైనా కొంటున్నవాళ్లకు వేరే చిక్కులున్నాయి. అసలు 10221లో ఐదు బొమ్మలుండాలి: వేడర్, అడ్మిరల్ పియెట్, డెంగార్, బోస్క్, ఐజీ-88. వాటిని విడిగా అమ్ముకుని ఓడ మాత్రం "పూర్తి సెట్టు" అని ఇచ్చేవాళ్లున్నారు. ఐదింటినీ ఒకే ఫోటోలో చూపించమని అడగండి. బూడిద రంగునూ గమనించండి. లెగో 2004 ప్రాంతంలో తన బూడిద రంగుల్ని కాస్త నీలిఛాయకు మార్చింది. 2011 సెట్టులో పాత పసుపుఛాయ బూడిద ముక్కలు అక్కడక్కడా కనిపిస్తే, కారణాలు ముఖ్యంగా రెండు: ఎండకు రంగు మారడం, లేదా పాత డబ్బాల్లోంచి ఏరి కలపడం. రెండింటికీ ధర తగ్గించి అడగాలి. ముక్కల పట్టిక సూచనల పుస్తకం చివర ఉంటుంది. లెగో సైట్‌లో పీడీఎఫ్ ఉచితం, డబ్బు చేతులు మారకముందే దింపుకోండి.

క్యాష్ ఆన్ డెలివరీ అంటే భద్రం అనుకోకండి. పెట్టె తెరవకుండా డబ్బు కట్టాక, కొరియర్ అబ్బాయి దాన్ని వెనక్కి ఇప్పించలేడు. పెట్టె మీ ఎదుట తెరిచి చూపించే ఓపెన్ బాక్స్ డెలివరీ ఉన్న చోటే కొనండి. ఇప్పటికే మోసపోయి ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. కార్డుతో కట్టినవాళ్లు ఆలస్యం చేయకుండా బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించడం) అడగండి. ప్రకటన స్క్రీన్‌షాట్ ముందే తీసి ఉంచుకోండి, ఆ పేజీలు తరచూ పేరు మార్చుకుని మాయమవుతాయి.